దసరా నుంచి రథసప్తమి దాకా: ఐదు సెంట్ల పెరడు, ఇంటిల్లిపాదికీ కూర

పెరట్లో కూరగాయలు వేసుకునేవాళ్ళం చాలామందిమి ఒక పొరపాటు చేస్తాం. ఈ పూట ఏం వండాలో పొయ్యి దగ్గరే తేల్చేసుకుని బుట్ట పట్టుకుని బయల్దేరతాం. చిక్కుడుకాయ వేపుడు అనుకుని వెళ్తే, కాయలన్నీ గింజ కట్టి ఉంటాయి. అయినా సరే అనుకున్నది అనుకున్నట్టే నార తీసి వేపేస్తాం. పీచు పీచుగా ఉందని పిల్లలు పళ్ళెం అంచుకి తోసేస్తారు. చలికాలం కూరని కాయ వయసు చూసి వండుకోవాలి. ముందు బుట్ట నింపుకుని, తర్వాత పొయ్యి వెలిగించండి. మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మాది పాలకొల్లు, నరసాపురం మధ్య కాలవగట్టు మీద ఊరు. ఇంటి వెనక ఐదు సెంట్లు, అంటే 242 గజాలు. ఐదుగురికి దసరా నుంచి మాఘమాసం దాకా ఉల్లిపాయలు, బంగాళాదుంపలు తప్ప కూర కొనే పని పడదు. మీది రెండు సెంట్లయినా పద్ధతి ఇదే. మెరక ప్రాంతాల్లో, తెలంగాణ చెలకల్లో నీళ్ళు పెట్టే లెక్క మారుతుందంతే.

పొద్దు సంగతి ముందు తెలుసుకోండి

పెళ్ళయి వచ్చిన కొత్తలో ఉత్సాహం ఆగక జ్యేష్ఠమాసంలోనే పందిరి చిక్కుడు పెట్టాను. తీగ ఏనుగులా బలిసింది. ఆషాఢం వెళ్ళింది, శ్రావణం వెళ్ళింది, వినాయకచవితి కూడా వెళ్ళింది. పూత లేదు. విత్తనం మంచిది కాదని మా ఆయన తీర్మానించారు. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూసి నవ్వి, "పొద్దు తగ్గందే చిక్కుడు పూస్తుందామ్మా? ఊరికే ఆకులు మేపావు దాన్ని" అన్నారు.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. పాతరకం పందిరి చిక్కుడు పగళ్ళు కురచయితేనే పూతకి వస్తుంది. ఎంత ముందు పెట్టినా ఆశ్వయుజం చివరికో, కార్తీకానికో గాని పూయదు. అందుకని శ్రావణంలో పెడితే చాలు. దసరాకి కూడా పెట్టలేదనుకోండి, ఇప్పుడు పందిరి చిక్కుడు జోలికి పోకుండా పొద చిక్కుడు వేసుకోండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క జయ, అర్క విజయ రకాలకి పొద్దుతో పనిలేదు, పందిరితోనూ పనిలేదు. రుచికి మాత్రం నా ఓటు పందిరి చిక్కుడుకే.

ఈ పొద్దు తగ్గడమే గోంగూరకి ఎదురు తిరుగుతుంది. పగలు కురచ కాగానే గోంగూర కూడా మొగ్గ తొడుగుతుంది. మొగ్గ వచ్చిందంటే ఆకు చిన్నదైపోయి గరుకు తేలుతుంది. కాబట్టి నిల్వ పచ్చడి పెట్టుకునేది దసరాలోపే. అరకిలో ఆకు కడిగి, నీడన గుడ్డ మీద పరిచి తడి పూర్తిగా పోయేదాకా ఆరబెట్టండి. ఒక్క ఆకు తడిగా ఉన్నా జాడీ మొత్తం బూజు పడుతుంది. పాతిక ఎండుమిరపకాయలు, చెంచా మెంతులు, రెండు చెంచాల ఆవాలు దోరగా వేపి దంచుకోండి. గ్లాసు నువ్వులనూనెలో ఆకు మగ్గి ముద్దయి, అంచులంట నూనె తేలేదాకా కదుపుతూ ఉండాలి. ఉప్పు చేతికి కాస్త ఎక్కువే పడాలి. అట్లతద్దినాటికి ముద్దపప్పు పక్కన ఈ పచ్చడి ఉంటే ఆ పూటకి ఇంకేం అక్కర్లేదు.

దసరా వారం చెయ్యాల్సిన పనులు

వానలకి గట్టిపడిన మట్టిని పలుగుతో తిరగేసి, సెంటుకి నాలుగైదు తట్టల చివికిన పశువుల ఎరువు వెయ్యండి. పచ్చి పేడ వేస్తే చెదలు పడుతుంది. మట్టి పదును మీద ఉన్నప్పుడే తవ్వాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టి, వేలితో తడితే విడిపోవాలి. జారుడుగా ఉన్నప్పుడు తవ్వారంటే ఎండాక ఇటుకల్లా తయారవుతాయి గడ్డలు.

మాలాంటి పల్లపు నేలల్లో మళ్ళు వద్దు, బోదెలు తోలుకోండి. ఈశాన్య రుతుపవనాల వాన ఇంకా రావాల్సి ఉంది కదా. జానెడు ఎత్తు బోదె మీద వంగ, టమాటా, మిరప నారు నాటండి. ముప్ఫై, ముప్ఫై అయిదు రోజుల నారయితే బాగా నిలదొక్కుకుంటుంది. వంగ మొక్కకీ మొక్కకీ రెండడుగులు వదలాలి. నాటిన రోజు ఆ ఎడం చూస్తే స్థలం దండగ అనిపిస్తుంది, డిసెంబరులో చూడండి.

ఆకుకూరలు ఒకేసారి చల్లకండి. పది రోజులకి ఒకసారి, చాపంత మడి చొప్పున చల్లుకోండి. మెంతికూర పాతిక ముప్ఫై రోజుల్లో, పాలకూర నెలకి, ముల్లంగి నలభై అయిదు రోజులకి చేతికొస్తాయి. కొత్తిమీరకి ధనియాలు ఉన్నవి ఉన్నట్టు చల్లితే సగం మొలవవు. నేల మీద పోసి చెప్పుతో మెల్లిగా నలిపితే ఒక్కోటీ రెండు బద్దలవుతాయి. వాటిని రాత్రంతా నానేసి చల్లండి. పది రోజులు ఓపిక పట్టాలి. మొలవలేదని మళ్ళీ తవ్వేసినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు.

కరివేపాకు చలికి మందగిస్తుంది, పాత ఆకు పండి రాలుతుంది. అక్టోబరులోనే నాలుగు రెమ్మలు ఎక్కువ కోసి పొడి కొట్టుకుని ఉంచుకోండి.

తుఫాను గురించి

కోస్తాలో పెరడు వేసేవాళ్ళకి ఇది లేకుండా చలికాలం మొదలవదు. 2025లో నాగులచవితి వెళ్ళిన మూడో రోజు, అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మా చిక్కుడు పందిరి అప్పుడే మొదటి గెలలు వేస్తోంది. తెల్లారి చూస్తే సరుగుడు గెడలన్నీ ఒకే వైపుకి వాలి, తీగ మొత్తం తడిసిన దుప్పటిలా నేల మీద పడుంది. నేను కంగారుపడి గెడలు పైకెత్తబోతే మా అత్తగారు ఆపారు. "ముందు నీళ్ళు పోనియ్యి. తీగ ఎక్కడికీ పారిపోదు" అన్నారు.

ఆ వరస మీరూ గుర్తుపెట్టుకోండి. మొదటి పని పారతో గండి కొట్టి నీళ్ళు బయటికి తియ్యడం. వంగ, టమాటా వేళ్ళు నీళ్ళలో రెండు రోజులుంటే ఆకు పసుపు తిరిగి మొక్క వాడిపోతుంది. రెండో రోజు గెడలు ఒక్కొక్కటే, జానెడు జానెడు చొప్పున లేపి కొబ్బరితాడుతో పక్కకి లాగి కట్టండి. ఒక్కసారిగా లేపితే తీగ మొదట్లో పుటుక్కున తెగుతుంది. నలిగిన కొమ్మలు కోసేయ్యండి. మట్టి పదునుకొచ్చాక వంగ మొదళ్ళకి మన్ను ఎగదోసి తొక్కండి. లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేటు కలిపి ఆకుల మీద కొడితే తొందరగా తేరుకుంటాయి. మా పందిరి ఇరవై రోజులు వెనకబడింది గాని, కాసింది.

పందిరిని ఏడడుగుల కంటే ఎత్తు వెయ్యకండి. ఎత్తు పెరిగిన కొద్దీ గాలికి దొరుకుతుంది, మీకు కాయ దొరకదు.

చిక్కుడు: ఒకే తీగ, నాలుగు వంటలు

కార్తీకం సగానికి మొదటి కోత. పొద్దున్నే మంచు తడి మీద కొయ్యకండి, తొమ్మిదయ్యాక కొయ్యండి. తడికాయ బుట్టలో సాయంత్రానికే నల్ల మచ్చలు తేలుతుంది. కోస్తూనే మూడు కుప్పలుగా వేసుకోండి.

వెలుగుకి ఎదురుగా పెట్టి చూస్తే గింజ నీడ కనీ కనపడకుండా ఉన్నది లేత కాయ. దీనికి కత్తిపీట అక్కర్లేదు. కొన తుంచి రెండు వైపులా నార లాగి, వేళ్ళతోనే రెండు ముక్కలు చెయ్యాలి. కత్తితో కోస్తే అంచు మెత్తబడి కూర చిదిమినట్టవుతుంది. ఈ కాయని నీళ్ళలో ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోయడం నేను చూళ్ళేను. కడిగినప్పుడు అంటుకున్న తడి చాలు. మూకుట్లో రెండు చెంచాల నూనె, పోపు, కాయ, ఉప్పు వేసి, మూత మీద కాసిని నీళ్ళు పోసి సన్నని సెగ మీద పెట్టండి. పది నిమిషాలకి మెత్తబడుతుంది. అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర కచ్చాపచ్చాగా నూరి కలిపి, రెండు నిమిషాల్లో దించెయ్యండి. కొబ్బరి కోరు వేసుకునేవాళ్ళు దించాకే వేసుకోవాలి.

గింజ పొంగి చర్మం ఇంకా పచ్చగా ఉంటే, అది నడివయసు కాయ. ఇది వంకాయతో జోడీ కడుతుంది. చిక్కుడు ముందు వేసి, సగం మగ్గాక వంకాయ ముక్కలు వెయ్యండి. ఇద్దరినీ ఒకేసారి వేస్తే వంకాయ పేస్టయిపోయి చిక్కుడు ఇంకా కరకరలాడుతూ ఉంటుంది. దించేముందు నువ్వులపొడి చల్లండి. చలికాలంలో నువ్వులు వంటికి వేడి అని పెద్దవాళ్ళ మాట. నాకు మాత్రం ఆ కమ్మదనం కోసమే.

చర్మం తోలులా అయిపోయినవాటిని వలిచేయ్యండి. పచ్చి గింజలు గుప్పెడు వచ్చినా చాలు, టమాటాతో కలిపి పులుసు పెట్టుకోవచ్చు. చిత్తూరువాళ్ళు అనపగింజలు, అంటే చిక్కుడు జాతి గింజలే, రాత్రి నానేసి, పొద్దున వేళ్ళతో నొక్కి పైతోలు తీసి పితికిపప్పు చేస్తారు. అన్నట్టు, మా గోదావరివైపు ఆనపకాయ అంటే సొరకాయ. చిత్తూరు చుట్టాలింటికి మొదటిసారి వెళ్ళినప్పుడు అనపకాయ పులుసు అంటే నేను సొరకాయ ముక్కల కోసం వెతుక్కున్నాను.

నాలుగోది ఎండు గింజ. ఇది రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మెత్తగా ఉడికించాకే తినాలి. ఎండు గింజ అరకొరగా ఉడికినది కడుపుకి మంచిది కాదు. ఇక్కడ పంటికింద కరకర వద్దు.

మబ్బు పట్టి చలిగా ఉన్న రోజుల్లో పూతగెలలకి నల్లగా పేనుబంక, అంటే రసం పీల్చే సన్న పురుగు, పడుతుంది. మొదట నీళ్ళు గట్టిగా చిమ్మి కొట్టండి, సగం అక్కడే పోతుంది. మిగిలినదానికి లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం కొట్టండి. మరీ నిండిపోయిన గెలని తుంచేయడమే మేలు.

వంకాయ

కొమ్మ చివర తల వాల్చేసిందంటే లోపల పురుగు ఉన్నట్టే. వాలిన చోటుకి అంగుళం కిందకి తుంచి, పెరట్లోనే పారెయ్యకుండా కాల్చేయ్యండి. రోజూ పొద్దున ఒక చుట్టు తిరిగి ఈ పని చేస్తే మందు కొట్టే అవసరం చాలావరకు తప్పుతుంది.

వంకాయకీ వయసు లెక్కే. కోడిగుడ్డు కంటే చిన్నవి గుత్తి కూరకి. నడి కాయలు కొత్తిమీర కారానికి. చేతిని నింపే పెద్ద కాయ మీద నూనె రాసి పిడకల నిప్పు మీద కాల్చి, తోలు తీసి, చింతపండు రసం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, చిన్న బెల్లం ముక్క కలిపి పచ్చిపులుసు చెయ్యండి. పప్పన్నంలోకి అంతకు మించింది లేదు. గ్యాసు మంట మీదా కాల్చుకోవచ్చు, కాని ఆ పొగ వాసన రాదు. పసుపుపచ్చగా తిరిగిన కాయని విత్తనానికి వదిలెయ్యండి.

ధనుర్మాసంలో కంద తవ్వడం

మే, జూన్‌లో పాతిన కంద ఆకు డిసెంబరు, జనవరిలో పసుపు తిరిగి కాడ పడిపోతుంది. అప్పుడు తవ్వాలి. మా జిల్లాలవైపు కంద చాలా ఎక్కువ. దేశమంతా వేసే గజేంద్ర రకం కూడా కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చినదే. గునపం కాడకి దగ్గరగా దింపకండి, మూరెడు దూరంలో దింపి కింది నుంచి ఎత్తండి. దెబ్బ తగిలిన దుంపని ముందు వండేసుకోవాలి, అది నిలవ ఉండదు. మిగతావి మట్టి దులిపి, గాలాడే చోట వారం రోజులు ఆరాక వండితే దురద తగ్గుతుంది.

అరకిలో కంద, రెండు కట్టల బచ్చలి తీసుకోండి. చేతులకి నూనె రాసుకుని, పొడి చేత్తో తోలు తీసి, ముక్కలు కోశాకే కడగండి. తడి చేత్తో కోస్తే మోచేతుల దాకా దురదే. ముక్కలూ ఆకూ కలిపి మెత్తగా ఉడికించి, గరిటె వెనకతో సగం ముక్కల్ని మెదపండి. నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు, పసుపు, రుచికి కాస్త బెల్లం వేసి దగ్గరకొచ్చేదాకా ఉడికించాలి. పులుపు తగ్గిస్తే గొంతు పట్టుకుంటుంది, పిసినారితనం చెయ్యకండి. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ పోపు.

ఇక ఆవ. రెండు చెంచాల ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు కొంచెం నీళ్ళతో మెత్తగా నూరండి. పొయ్యి ఆర్పి, కూర గోరువెచ్చగా అయ్యాక కలపాలి. ఉడుకుతున్న కూరలో కలిపితే ముక్కుకెక్కే ఘాటు ఆవిరైపోతుంది. కలిపాక గంటసేపు మూత పెట్టి ఉంచండి. మా పెళ్ళిళ్ళలో కందబచ్చలి మధ్యాహ్నం వడ్డించేది అందుకే, పొద్దున్నే ఆవ పెట్టేసి ఉంచుతారు. ఇంట్లో మాత్రం సాయంత్రానికి ఇంకా బాగుంటుంది, మిగిలితే.

ఈ రోజుల్లోనే కొత్త బియ్యం వస్తాయి. అన్నానికి పాతవే వాడండి. కొత్తవి నీళ్ళు తక్కువ పీల్చి ముద్దవుతాయి, ఆ ముద్దే పొంగలికీ పరమాన్నానికీ కావలసింది.

గుమ్మడికాయలు, పెద్దపండగ

వానాకాలంలో కాసిన తీపి గుమ్మడి తొడిమతో సహా కోసి అటక మీద, ఒకదానికొకటి తగలకుండా పెట్టి ఉంచితే సంక్రాంతికి తీపెక్కుతుంది. తొడిమ ఊడిన కాయ అక్కడి నుంచే కుళ్ళుతుంది. పండగ దప్పళానికి పెరట్లో ఏదుంటే అదే: గుమ్మడి, ఆనప, చిలగడదుంప, ములక్కాడ, వంకాయ, నాలుగు చిక్కుడుకాయలు. గట్టి ముక్కలు ముందు, గుమ్మడి చివర. చింతపండు, బెల్లం వేసి, చివర్న చెంచా బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పొయ్యండి. గుమ్మడి ముక్క అంచు కరగకుండా ఉన్నప్పుడే దించాలి.

బూడిద గుమ్మడి వడియాలకి మంచు తగ్గి ఎండ గట్టిపడే రోజులు చూసుకోండి. నాలుగు కిలోల కాయని తోలుతోనే సన్నని ముక్కలు చేసి, ఉప్పు, పసుపు కలిపి గుడ్డలో మూట కట్టి, రాత్రంతా రుబ్బురోలు పొత్రం కింద పెట్టండి. కారిన నీళ్ళు పారబొయ్యకండి. అరకిలో మినప్పప్పు నానబెట్టి రుబ్బేటప్పుడు తడి కావాల్సి వస్తే ఆ నీళ్ళే చిలకరించండి. అందులో ఉప్పు ఉంది కాబట్టి పిండిలో మళ్ళీ వెయ్యకండి. ఒక ఏడాది నేను వేశాను, ఆ వడియాలు ఏడాది పొడుగునా పెరుగన్నంలోకి మాత్రమే పనికొచ్చాయి. పిండి గారెల పిండి కంటే గట్టిగా ఉండాలి. పచ్చిమిర్చి ముద్ద, జీలకర్ర, ఇంగువ కలిపి డాబా మీద తడిగుడ్డ పరిచి పెట్టండి. మర్నాడు గుడ్డ వెనకవైపు నీళ్ళు చిలకరిస్తే ఊడి వస్తాయి, తిరగేసి ఇంకో మూడు రోజులు ఎండనివ్వండి. విరిస్తే టక్కుమనాలి.

రథసప్తమి, విత్తనం

మాఘ శుద్ధ సప్తమి నాటికి చిక్కుడు తీగ ముసలిదవుతుంది. ఆ రోజు వాకిట్లో పిడకల మీద పాలు పొంగించి పరమాన్నం వండి, చిక్కుడుకాయలకి పుల్లలు గుచ్చి రథం కట్టి, చిక్కుడు ఆకుల్లో సూర్యుడికి నైవేద్యం పెడతాం. ఆకులు ముందురోజు సాయంత్రమే కోసుకోండి. ఆ వేళకి మచ్చలేని ఆకులు తీగ మీద పది దొరికితే గొప్ప.

విత్తనానికి కాయలు మాత్రం అప్పుడు ఏరితే ఆలస్యమే. మార్గశిరంలోనే, బాగా కాసిన గెలల్లో నడుమనున్న ఐదారు కాయలకి ఎర్ర దారం కట్టి ఉంచండి. ఆ గెల వైపు బుట్ట తీసుకెళ్ళొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. కాయ తీగ మీదే ఎండి, ఊపితే గలగలమన్నాక కోసి వలిచి, రెండెండలు పెట్టండి. జల్లించిన పొయ్యి బూడిద కలిపి గాజుసీసాలో పోసి మూత బిగించండి. సీసా మీద రకం, నెల రాసి అతికించండి. నేను రాయని ఏడాది శ్రావణంలో పొద చిక్కుడు తీసుకెళ్ళి పందిరి కింద పెట్టాను.